పాత బజారు పాతగానే

“నా కొట్టు తలుపులకు నీలం రంగు వేయనమ్మా,” అన్నాడు బాపయ్య.

మనోజ్ఞ తను తెచ్చిన వీధి నమూనా చిత్రాన్ని గల్లాపెట్టె మీద పెట్టింది. ఒంగోలు పాత బజారుకు మళ్లీ జనాన్ని రప్పించే పనిని కార్పొరేషన్ వాళ్లు ఆమెకు అప్పగించారు. పెద్ద కొట్లన్నీ కర్నూలు రోడ్డుకు తరలిపోయాయి. వీధిలో సగం తలుపులు తెరవడమే లేదు. ఉన్నవాళ్లలో పెద్దవాడు ఈ స్టీలు సామాన్ల బాపయ్యే. ఆయన ఊ అంటే మిగతావాళ్లూ వస్తారని అందరూ చెప్పారు.

“వీధంతా ఒకే రంగులో ఉంటే అందంగా ఉంటుందండి.”

“ఉంటుంది. కానీ నా తలుపు పసుపు. పసుపుగానే ఉండాలి. ఇదొక్కటి వదిలెయ్ తల్లీ, అందర్నీ నేను పట్టుకొస్తా.”

మొండిమనిషి అనుకుంటూనే ఆమె ఒప్పుకుంది.

బాపయ్య మాట నిలబెట్టుకున్నాడు. మోకాళ్ల నొప్పులతోనే ఇల్లిల్లూ తిరిగాడు. సిద్దికా గాజుల కొట్టు మళ్లీ తెరిచింది. వీరబాబు మిఠాయి కొట్టుకు సున్నం వేయించాడు. మూలమీది బొమ్మల కొట్టు ఒక్కటే మిగిలింది. దాని యజమాని మాలిక్ కూడా కర్నూలు రోడ్డుకు మారి చాలాకాలమైంది. మనోజ్ఞ ఎన్నిసార్లు అడిగినా కుదరదనేశాడు.

“ఆయన రాకపోయినా ఫర్వాలేదండి. ఆ మూల కోసం ఐస్‌క్రీమ్ వాళ్లు అడుగుతున్నారు,” అంది మనోజ్ఞ.

“వద్దమ్మా. అక్కడ బొమ్మల కొట్టే ఉండాలి.”

మర్నాడు ఇద్దరూ కలిసి మాలిక్ దగ్గరికి వెళ్లారు. బాపయ్య గుమ్మంలోనే నిలబడ్డాడు.

“మాలిక్, పాత చోట కొట్టు తెరవాలిరా.”

మాలిక్ ఆయన ముఖంలోకి చూశాడు. తలూపాడు.

“ముందర పెట్టే కొయ్యగుర్రం గోడౌన్‌లోనే ఉందన్నా. రంగు పోయింది.”

“నేను వేస్తాలే.”

తిరిగి వస్తుంటే మనోజ్ఞ ఉండబట్టలేక అడిగింది. “ఆయన్ని ఎట్లా ఒప్పించారండి?”

“నేనేం ఒప్పించలా. వాడికి తెలుసు.”

ఏం తెలుసో చెప్పలేదు. గుర్రానికి మాత్రం తనే కూర్చుని ఎర్రరంగు వేశాడు. నీలమైతే బాగుంటుందని ఎవరో అంటే వినిపించుకోలేదు.

ప్రారంభోత్సవం సాయంత్రం బజారు కిక్కిరిసిపోయింది. మిర్చి కోతలు అయిపోయి, చుట్టుపక్కల ఊళ్ల రైతులు కుటుంబాలతో సహా వచ్చారు. వేదిక మీద బాపయ్యకు వేసిన కుర్చీ ఖాళీగా ఉంది. మనోజ్ఞ వెతుక్కుంటూ వచ్చింది.

ఆయన పసుపు తలుపు ముందు స్టూలు వేసుకుని కూర్చున్నాడు. లోపల బేరాలు కొడుకే చూసుకుంటున్నాడు. బాపయ్య మాత్రం వచ్చేపోయే ఆడవాళ్ల ముఖాలను పరీక్షగా చూస్తున్నాడు. ఆమెకు కొంచెం ఇబ్బందిగా అనిపించింది.

“శాలువా కప్పుతారట, రండి.”

“నేనిక్కణ్ణుంచి కదలనమ్మా.”

“ఇంతమంది వస్తారనుకోలేదండి. అంతా మీ చలవే. మీకు సంతోషంగా లేదా?”

ఆయన గుంపు మీంచి చూపు తిప్పలేదు.

మనోజ్ఞ గొంతు తగ్గించింది. “ఒక్క మాట అడుగుతానండి. అంతా పాతగానే ఉండాలని ఎందుకంత పట్టుబట్టారు?”

“మా పాప తప్పిపోయిన రోజు వీధి ఇట్లాగే ఉందమ్మా.”