వెనక సీటు

"వెనక ఎవరు కూర్చుంటారు తల్లీ?"

ఎర్ర బండి మీద కూర్చుని చూసుకుంటున్న అఖిల తల తిప్పింది.

గుంటూరు షోరూములో కొత్త బండ్లు తుడిచే ముసలాయన. చేతిలో తడిగుడ్డ.

"ఎవరూ కూర్చోరు తాతా."

"అయితే సరే. కూర్చునే మనిషంటూ ఉంటే మాత్రం ఇది వద్దు. ఆ బూడిద రంగుది తీసుకో."

సేల్స్‌మన్ శ్రీకృష్ణ కసిరాడు. "పీరు తాతా, అమ్మేది నేను. నువ్వు తుడువు."

"తుడుస్తూనే ఉన్నానయ్యా. నోటితో తుడవట్లేదుగా!"

అఖిల నెల రోజులుగా ఈ రెండు బండ్ల మధ్యే కొట్టుకుంటోంది.

బూడిద రంగుది దూరప్రయాణాల బండి. నిటారుగా కూర్చోవచ్చు. వెనక సీటు వెడల్పు, పట్టుకోవడానికి రెండు పక్కలా కడ్డీలు.

ఎర్రది రేసు బండి. ట్యాంకు మీదికి వంగి నడపాలి. వెనక సీటు అరచేయంత, అదీ ఎత్తులో.

ఫోన్ మోగింది. అమ్మ వెంకటరావమ్మ. పొద్దుటి నుంచి ఇది నాలుగోసారి.

"ఎక్కడున్నావే? వానొచ్చేటట్టుంది."

"ఇక్కడ ఎండ మండిపోతోందమ్మా."

"అయినా సరే. ఏ బండి?"

"ఇంకా తేల్చుకోలేదు. నువ్వెక్కుతానంటే చెప్పు, సీటు పెద్దది తీసుకుంటా."



"నేనెక్కనులే. నీకు నచ్చింది కొనుక్కో."

పన్నెండేళ్ళ కిందట పిడుగురాళ్ళ రోడ్డులో లారీ తగిలి నాన్న అక్కడికక్కడే పోయాడు. వెనక కూర్చున్న అమ్మ ఎలాగో ఆస్పత్రి చేరింది. చితికిన మోకాలు ఈ రోజుకీ సరిగా వంగదు. ఆ తర్వాత అమ్మ బండెక్కలేదు.

"మీ అమ్మా?" అడిగాడు పీరు.

"ఊఁ. బండంటే భయం. ఎక్కదు."

"ఎక్కదని నువ్వనుకోకు. ఎక్కాల్సొచ్చిన రోజున చోటుండాలిగా?"

అఖిలకు చిర్రెత్తింది.

"ఎప్పుడూ అమ్మ వెంటే ఉన్నా తాతా. దాచేపల్లి ఫ్యాక్టరీలో ఉద్యోగం, సత్తెనపల్లిలో ఇల్లు. పది నిమిషాలు ఆలస్యమైతే పది ఫోన్లు. ఒక్క బండైనా నా ఒక్కదానికి ఉండనీ!"

పీరు గుడ్డ పిండుకుంటూ నవ్వాడు. "ఉండనీ తల్లీ."

ఎర్ర బండే తీసుకుంది.

బయట పీరు దిష్టికి నిమ్మకాయ, మిరపకాయలు గుచ్చి హ్యాండిలుకు కట్టాడు. పురికొస రెండు చుట్లు తిప్పి, బొటనవేలితో నొక్కి, కొసని వెనక నుంచి లాగాడు.

"దారిలో ఊడిపోదుగా?"

"మిరపయార్డులో ముప్పై ఏళ్ళు టిక్కీ బస్తాలకి మూతి కట్టిన చెయ్యమ్మా ఇది. లారీ మీంచి బస్తా దొర్లినా ముడి ఊడదు."

"మరి ఎందుకు మానేశావ్?"

"నడుము మానెయ్యమంది. ఇక్కడా ఈ రోజే ఆఖరు. ఐదున్నర బస్సుకి ఆదోని, మా అమ్మాయి దగ్గరికి. ఇక ఇటు రాను."

అఖిల అప్పటికే హెల్మెట్ పెట్టేసుకుంది. వస్తానని కూడా అనలేదు.

ఇల్లు చేరేసరికి నాలుగున్నర దాటింది. అమ్మ గేటు పట్టుకుని నిలబడి ఉంది.

దారంతా ఆ నిమ్మకాయ చేతికి కొట్టుకుంటూనే ఉంది. ఎర్రగా మెరిసే బండికి అదేం అందం? అఖిల పురికొస పట్టి లాగింది.

"అమ్మా, కత్తెర తే. దిక్కుమాలిన ముడి, లాగేకొద్దీ బిగుస్తోంది."

అమ్మ కత్తెర తెచ్చింది. ముడి దగ్గర ఆగింది. వేలితో తడిమింది.

కత్తెర వెనక్కి తీసుకుంది.

"ఎవరు కట్టారే ఇది?"

"షోరూములో ముసలాయన. యార్డులో పనిచేసేవాడట."

"ఇప్పుడు వెళ్తే ఉంటాడా?"

"ఐదున్నర బస్సుకి ఆదోని పోతున్నాడు. ఎందుకు?"

అమ్మ లోపలి గడియారం చూసింది.

"పద. నన్నెక్కించు."

"ఏంటీ?"

"ఎక్కించవే!"

పన్నెండేళ్ళుగా బండి ముట్టని మనిషి చెప్పులు విడిచి కాలెత్తింది. మోకాలు వంగలేదు. అఖిల కుర్చీ తెచ్చి వేసింది. కుర్చీ మీంచి ఎక్కి కూర్చుంటే ఆ అరచేయంత సీటు మీంచి జారిపోయింది. పట్టుకుందామంటే ఏమీ లేదు.

మూడుసార్లు ఎక్కింది. మూడుసార్లూ జారింది.

"కారు పిలుస్తానుండు."

"అది ఎప్పుడొచ్చేను, ఎప్పుడు చేరేను?"

"పోనీ నేనెళ్ళి ఆపనా? ఏం చెప్పమంటావ్?"

"నువ్వేం చెబుతావే? ఆ రోజు నువ్వు లేవుగా!"

"ఏ రోజు?"

అమ్మ మళ్ళీ కుర్చీ పట్టుకుంది. అఖిల షోరూముకు ఫోన్ చేసింది.

"తాతకి ఫోను లేదండి," అన్నాడు శ్రీకృష్ణ. "ఇందాకే సంచి పట్టుకుని బస్టాండుకి వెళ్ళిపోయాడు."

గడియారం ఐదు దాటింది. గుంటూరుకి ముప్పావుగంట దారి.

అమ్మ ఇక కుర్చీ వైపు చూడలేదు. కాలీడ్చుకుంటూ లోపలికి వెళ్ళి బొత్తాల డబ్బా తెచ్చింది. అడుగు నుంచి ఒక పాత గళ్ళ తలగుడ్డ ముక్క తీసింది. అటూ ఇటూ కత్తెరతో కోసిన గుడ్డ. మధ్యలో ముడి మాత్రం అలాగే ఉంది.

దాన్ని హ్యాండిలు మీది ముడి పక్కన పెట్టింది.

రెండూ ఒకటే.

"మీ నాన్న పోయిన రోజు, నేను జారిపోకుండా తలగుడ్డతో తన వీపుకి కట్టుకుని బండి మీద ఆస్పత్రికి తెచ్చిన మనిషి వేసిన ముడే ఇది," అంది అమ్మ. "పేరేంటే ఆయనది?"