తొమ్మిదింటిలో ఏడు

“ఏడు! తొమ్మిదింటిలో ఏడు మీకున్నాయి,” అంది భార్య, ఫోను భోజనాల బల్ల మీద పెడుతూ.

భర్త పళ్ళెంలోంచి తలెత్తలేదు. “ఏం ఏడు?”

“లక్షణాలు. క్లినిక్ గోడ మీద రాసుంటే ఫోటో తీసుకొచ్చాను. మగవాళ్ళలో టెస్టోస్టిరాన్ అనే హార్మోను తగ్గితే ఇలాగే ఉంటారట. ఎప్పుడూ అలసట, పగటి నిద్ర, చీటికీ మాటికీ చిరాకు, నడుం చుట్టూ కొవ్వు, దేనిమీదా ధ్యాస లేకపోవడం...” గొంతు తగ్గించింది. “పెళ్ళాం మీద కూడా.”

“రెండు నెలలుగా ప్రెస్సులో రెండు షిఫ్టులు చేస్తున్నానే! బడిపుస్తకాల సీజను. మిషను దగ్గర పదహారు గంటలు నిలబడి వచ్చినవాడు పడుకోక పాటలు పాడతాడా?”

“చూశారా, చిరాకు!”

సోఫాలో పడుకున్న ఆమె తమ్ముడు పగలబడి నవ్వాడు. “వదిలెయ్యక్కా. బావకి అంత సీను లేదు. అసలుంటే కదా తగ్గడానికి!”

ఇళ్ళ సామాన్లు చేరవేసే వ్యాపారం అతనిది. ఒకప్పుడు ఫ్రిజ్‌ని ఒక్కడే వీపున వేసుకుని నాలుగంతస్తులు ఎక్కించేవాడు. అందుకే అందరూ అతన్ని ‘లిఫ్టు’ అంటారు. ఈమధ్య ఇద్దరు మనుషుల్ని పెట్టుకుని, తాను కింద నిలబడి కేకలేస్తున్నాడు. ఓనరన్నవాడు మొయ్యకూడదంటాడు. అతని భార్య పుట్టింటికి వెళ్ళి నాలుగు నెలలైంది. ఎందుకని అడిగితే “దానికి పొగరు” అంటాడు. అప్పట్నుంచీ రెండు పూటలా భోజనం అక్క ఇంట్లోనే.

ఆ వారమే భార్య పట్టుబట్టి భర్తని డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్ళింది.

“గోడమీద రాసింది చదివి తేల్చేయకూడదమ్మా,” అంది డాక్టరమ్మ. “పని ఎక్కువైనా, నిద్ర చాలకపోయినా ఇవే లక్షణాలుంటాయి. రేపు పొద్దున్న ఏమీ తినకుండా రక్తం ఇమ్మనండి. అప్పుడు చూద్దాం.”

మర్నాడు ల్యాబ్‌లో జనం కిక్కిరిసి ఉన్నారు. తమాషా చూద్దామని లిఫ్టు కూడా టీ అయినా తాగకుండా తయారయ్యాడు. టోకెన్ నంబరు పిలవగానే బావా బామ్మర్దులిద్దరూ లోపలికెళ్ళారు. భార్య సంచీ ఒళ్ళో పెట్టుకుని బయటే కూర్చుంది. పావుగంట తర్వాత భర్త పాలిపోయిన మొహంతో గోడ పట్టుకుని బయటికొచ్చాడు. వెనక లిఫ్టు కడుపు పట్టుకుని నవ్వుతున్నాడు.

“మీ ఆయన సూది చూడగానే కళ్ళు తేలేశాడక్కా! నేను పక్కనుండబట్టి ఎలాగో పనైంది.”

“ఊరుకోరా,” అన్నాడు భర్త నీరసంగా.

ఆ కథ లిఫ్టు వారం రోజులు వీధంతా చెప్పుకు తిరిగాడు. ఇస్త్రీ కొట్టులో నటించి కూడా చూపించాడు.

రిపోర్టు వచ్చిన రోజు ముగ్గురూ వెళ్ళారు. డాక్టరమ్మ కాగితం రెండుసార్లు చదివింది.

“మీ అనుమానం నిజమేనమ్మా. ఉండాల్సినదానికంటే బాగా తక్కువుంది.”

భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇన్నాళ్ళూ సాధించినవన్నీ గుర్తొచ్చి కాబోలు, భర్త చెయ్యి గట్టిగా పట్టుకుంది. “క్షమించండి. ఇక మిమ్మల్ని ఒక్క మాటంటే ఒట్టు!” అంది. భర్త ఓరకంట లిఫ్టు వైపు చూశాడు.

“బరువులెత్తే ఓపిక తగ్గిందా?” అడిగింది డాక్టరమ్మ.

“నేను బరువులెత్తనండీ.”

“ఉన్నట్టుండి ఒళ్ళు వేడెక్కి చెమటలు?”

“లేవండీ.”

“గడ్డం పెరగడం తగ్గిందా?”

“రోజూ గీసుకోవాల్సిందేనండీ.”

డాక్టరమ్మ నొసలు చిట్లించింది. “విచిత్రంగా ఉందే.”

ఈపాటికి నాలుగు జోకులు వెయ్యాల్సిన లిఫ్టు కిటికీలోంచి స్కూటర్లు లెక్కపెడుతున్నాడు. కాసేపటికి అటే చూస్తూ అడిగాడు:

“డాక్టరమ్మా, ఇది... పెళ్ళాం వదిలేసి వెళ్ళిపోయేంత గొడవ అవుతుందా? బావ కోసమే అడుగుతున్నాను.”

“చాలా ఇళ్ళల్లో అవుతుంది. తనంటే ఇష్టం పోయిందని ఆవిడ అనుకుంటుంది. చెప్పుకోలేక ఈయన కసురుకుంటాడు. జబ్బని ఇద్దరికీ తెలియదు.”

“మందుందా?”

“ఉంది. ముందు కారణం వెతకాలి, తర్వాత వైద్యం. కానీ ఒక్క రిపోర్టుతో మొదలుపెట్టను. రేపు పొద్దున్న ఇంకోసారి రక్తం తీయాలి.”

“రేపే వస్తాం,” అన్నాడు లిఫ్టు, బావ కంటే ముందే.

భార్య కళ్ళు తుడుచుకుంటూ ఫీజు కట్టడానికి వెళ్ళింది. వరండా బల్లమీద ఇద్దరూ మిగిలారు. లిఫ్టు ఫోను తీసి, తన భార్య నంబరు దగ్గర వేలు పెట్టి, నొక్కకుండా అలాగే చూస్తూ కూర్చున్నాడు. బావని చూసి నవ్వడానికి అతనికి వారం రోజులుగా ఉన్న ఓపిక ఇప్పుడు ఎక్కడికి పోయిందో.

భర్త జరిగి పక్కన కూర్చున్నాడు. అటూ ఇటూ చూశాడు. ఎవరూ వినడం లేదని నమ్మకం కుదిరాక భుజం మీద చెయ్యి వేసి మెల్లగా అన్నాడు:

“రేపు కూడా నా బదులు రక్తం నువ్వే ఇవ్వాలిరా బామ్మర్దీ.”