కిటికీ పక్క చోటు

మా ఆయనది పెద్ద మనసు. ఈ ఇంట్లో దిగిన రోజే, "నీకు బయటికి చూడ్డం ఇష్టం కదా, కిటికీ పక్క నువ్వే పడుకో" అని మంచంలో ఆ సగం నాకు రాసిచ్చేశారు. మా వదినకి ఫోన్ చేసి మరీ చెప్పుకుని మురిసిపోయాను.

రెండు చలికాలాలుగా ఆ అల్యూమినియం ఫ్రేమ్ నా వీపు పక్కన మంచుగడ్డలా ఉంటోంది. తెల్లారేసరికి దాని మీంచి కారిన నీళ్లకి నా దిండు తడిసిపోతుంది. గోడ వైపు ఆయన వెచ్చగా గురకపెడుతుంటారు. అడిగితే, "డబుల్ గ్లాసు వేయించాను. చలి కిటికీలో లేదు, నీ బుర్రలో ఉంది" అంటారు.

ఇవాళ ఆయన ఆఫీసుకి వెళ్లాక, కిటికీలు బిగించిన మేస్త్రీని పిలిపించాను. అతను ఫ్రేమ్ మీద చెయ్యి పెట్టి, చటుక్కున తీసేశాడు.

"గ్లాసు బాగానే ఉందమ్మా. ఫ్రేములో లోపలి భాగానికీ బయటి భాగానికీ మధ్య ప్లాస్టిక్ పట్టీ ఉండాలి. ఇందులో లేదు. అందుకే బయటి చలి దర్జాగా లోపలికొచ్చేస్తోంది."

"ఆ ముక్క అప్పుడే చెప్పొచ్చు కదా?"

"సారుకి చెప్పానమ్మా. పట్టీ ఉన్నది లావుగా ఉంది, చూడ్డానికి సన్నదే బాగుందన్నారు. పక్కన పడుకున్నవాళ్లు వణికిపోతారు సార్ అని కూడా అన్నాను."

"దానికేమన్నారు?"

"ఆ పక్క మా ఆవిడ పడుకుంటుందిలే అన్నారమ్మా."

అతను వెళ్లగానే దిళ్లు అటుది ఇటు, ఇటుది అటు మార్చేశాను. పాపం, ఆయనకీ బయటికి చూడ్డం ఇష్టమేనేమో, ఇన్నాళ్లూ మొహమాటపడి ఉంటారు.