ఎక్కని రైలుకి టికెట్లు

కారు దిగిన నలుగురూ మిల్లు గేటు దగ్గర రైలు టికెట్లు తీసి చూపించారు.

పక్కనే నిలబడి ఉన్న రైలమ్మకి ఒళ్ళు మండిపోయింది.

రైల్లో వచ్చినవాళ్ళకి మిల్లు చూడటం ఉచితం అన్న ఏర్పాటు ఆమె పట్టుబట్టి చేయించిందే. ఏనాడో మూతపడిన ఆ కాగితం మిల్లుని బాగుచేసి, సగం ఆఫీసులకీ, సగం పాత యంత్రాల ప్రదర్శనకీ ఇచ్చారు. ఉద్యోగులూ, చూడవచ్చేవాళ్ళూ సొంత బళ్ళు మానేసి రైలెక్కేలా చూడటం ఆమె ఉద్యోగం. రైలమ్మ అన్న పేరు అలా వచ్చిందే. అసలు పేరుతో పిలిచేవాళ్ళు ఇప్పుడు ఇంట్లో కూడా తక్కువే.

“ఈ టికెట్లు ఎక్కడివండీ?”

“స్టేషన్ బయట ఒక పెద్దాయన దగ్గర తీసుకున్నాం,” అన్నాడు కారాయన, తాళాలు వేలికి తిప్పుకుంటూ.

ఇంకేమీ అడగలేదామె. ఆ పెద్దాయన ఎవరో చెప్పకుండానే తెలిసిపోయింది.

రోజూ పొద్దున్నే టౌన్ స్టేషన్‌కి నడిచి వచ్చేవాడు. ఇవాళ టికెట్లు ఎలా పోయాయమ్మా అని కౌంటర్‌లో అమ్మాయిని అడిగేవాడు. ఆమె జవాబు విని గుప్పెడు టికెట్లు కొనేవాడు. రైలు మాత్రం ఎక్కేవాడు కాదు. అది కదిలి వెళ్ళేదాకా చూసి, వచ్చిన దారినే నడిచిపోయేవాడు.

రైలంటే పిచ్చి ఉన్న ముసలాయన అనుకుంది రైలమ్మ. పాపం అనిపించి రోజూ తన ఫ్లాస్కులోంచి టీ పోసి ఇచ్చేది. రెండు చేతులతో గ్లాసు పట్టుకుని తాగేవాడు గానీ ఒక్కసారి కూడా ఆమె మొహంలోకి చూసేవాడు కాదు. బిడియస్తుడులే అని సరిపెట్టుకునేది.

ఆ రైలు ఆమెకి ఉద్యోగం మాత్రమే కాదు. మిల్లు బాగుచేసే రోజుల్లో ఆమె భర్త అక్కడ కరెంటు పని చేసేవాడు. ఒకరోజు పనికి వెళ్తుంటే అతని స్కూటర్‌ని లారీ గుద్దేసింది. కేసూ కోర్టూ అంతా మరిదే చూసుకున్నాడు. ఆమె ఆ గడప తొక్కలేదు. ఆ రోడ్డు ఇంకే ఇంటినీ ముంచకూడదని, కాళ్ళరిగేలా తిరిగి, సరుకు మోసే పాత లైను మీద రెండు పెట్టెల రైలు వేయించింది. సరిపడా టికెట్లు అమ్ముడైనంత కాలమే నడుపుతామని రైల్వేవాళ్ళు ముందే షరతు పెట్టారు. ఆఫీసంతా చప్పట్లు కొట్టి, అక్కా మేమున్నాం అన్నారు. అన్నట్టే రెండు పెట్టెలూ రోజూ నిండిపోయేవి.

మర్నాడు ఆమె ఫ్లాస్కు మూత తీయలేదు. పెద్దాయన్ని స్టేషన్ బయటే ఆపింది.

“బాబాయ్, రేపటినుంచి మీరిక్కడికి రాకండి.”

ఆయన తల వంచుకునే ఉన్నాడు.

“మీ టికెట్లతో జనం కార్లలో వస్తున్నారు. నా కళ్ళారా చూశాను. ఇది మా ఆయన ప్రాణం పోతే వచ్చిన రైలు. దీన్ని కూడా అమ్ముకుని తింటారా?”

పెద్దాయన చేతిలోని టికెట్లు నెమ్మదిగా అరుగు మీద పెట్టి వెళ్ళిపోయాడు. కాదని ఒక్క మాటైనా అనలేదు, ఎంత మొండితనం అనుకుంది. రైల్లో కూర్చున్నాక కళ్ళనీళ్ళు ఆగలేదు. ముక్కూ మొహం తెలియనివాడి మోసానికి ఇంత ఏడుపెందుకని తనని తానే తిట్టుకుంది.

నెల తిరిగేసరికి స్టేషన్ గోడ మీద కాగితం అంటించారు. టికెట్లు అమ్ముడవనందున రైలు రద్దు.

ఆమె పరుగున కౌంటర్ దగ్గరికి వెళ్ళింది.

“పెట్టెల్లో కాలు పెట్టే చోటుండదు, అమ్ముడవకపోవడమేమిటే?”

“ఎక్కేవాళ్ళున్నారక్కా, కొనేవాళ్ళేరీ?” అంది కౌంటర్‌లో అమ్మాయి. “అడిగే టీసీ లేడని మీ ఆఫీసువాళ్ళే ఊరికే ఎక్కేస్తున్నారు. తక్కువపడినవన్నీ ఆ తాత కొనేవాడు. గోదాములో మూటలు మోసిన కూలంతా ఇక్కడే పోసేవాడు. ఎందుకో రావడం మానేశాడు.”

“కొని బయట అమ్ముకునేవాడు కదా?”

“అమ్మడమా? రైలెక్కండి బాబూ అని కనబడ్డవాళ్ళకల్లా ఊరికే పంచేవాడు.”

రైలమ్మకి చప్పట్లు కొట్టిన చేతులు గుర్తొచ్చాయి. నిన్న సాయంత్రం కూడా, కాస్త జరుగక్కా అంటూ పక్కన చేరి కబుర్లు చెప్పినవాళ్ళే. రోజూ తన పక్కనే కూర్చుని తన గొంతు కోశారు. వాళ్ళని నమ్మి, తను ఎవరిని తరిమేసిందో తలుచుకుంటే తన మీద తనకే అసహ్యం వేసింది.

ఆఖరి రోజు సాయంత్రం రైలు టౌన్‌కి తిరిగొచ్చింది. రేపటినుంచి మళ్ళీ ఆ రోడ్డే గతి. ఆమెని తీసుకెళ్ళడానికి మరిది మోటార్‌సైకిల్ మీద వచ్చాడు.

స్టేషన్ కంచె అవతల పెద్దాయన నిలబడి ఖాళీ అవుతున్న పెట్టెల్ని చూస్తున్నాడు.

రైలమ్మ గబగబా ఫ్లాస్కు తీసి గ్లాసులో టీ పోసింది. కాళ్ళు పట్టుకునైనా క్షమించమని అడగాలనుకుంది. రెండడుగులు వేసేసరికి మరిది ఆమె చెయ్యి పట్టుకుని ఆపాడు. అతని మొహంలో నెత్తురు చుక్క లేదు.

“వదినా, ఆయనెవరో తెలిసే వెళ్తున్నావా?”

“తెలుసు. ఇన్నాళ్ళూ ఈ రైలుని నడిపించింది ఆయనే.”

మరిది ఆమె చెయ్యి వదల్లేదు.

“కోర్టులో ప్రతి వాయిదాకీ చూశాను వదినా,” అన్నాడు. “ఆ రోజు అన్నయ్యని గుద్దిన లారీ నడిపింది ఆయనే.”