మార్జిన్‌లో ఆయన పేరు

ఫైలు తెరుచుకుంది గానీ అక్షరాలు చెదిరిపోయాయి. ఒత్తులు ఒకచోట, గుణింతాలు ఒకచోట. పట్టికలు పేజీ దాటి బయటికి వేలాడుతున్నాయి.

"నా పుస్తకాన్ని ఏం చేశారండీ?" టీచరమ్మ తెర మీదికి వంగింది.

గడ్డి మొక్కల మీద భార్యాభర్తలిద్దరూ కలిసి ఏళ్ళ తరబడి రాసిన పుస్తకం అది.

"కంగారు పడకండి. పాత కంప్యూటర్ పనైపోయింది కదా, ఈ కొత్తదాంట్లో లినక్స్ వేశాను, ఎవరైనా ఉచితంగా వాడుకునే సాఫ్ట్‌వేరు. ఫైలేమో పాతది, ఆఫీసు సాఫ్ట్‌వేరేమో కొత్తది. ఫాంటు మారిస్తే దారికొస్తుంది," అన్నాడు కంప్యూటరాయన. నెరిసిన తల, మెడలో తాడుకి వేలాడే కళ్ళజోడు, నెమ్మదైన మనిషి.

గంటలో అక్షరాలు కుదురుకున్నాయి. మార్జిన్‌లో పాత వ్యాఖ్యలు కూడా బయటపడ్డాయి. 'ఈ వాక్యం నీదేనా? భలే ఉంది.' 'ఇక్కడ వేరు బొమ్మ కావాలి.' టీచరమ్మ ఒక్కొక్కదాన్నీ తెర మీద వేలితో తడిమింది.

"మా వారు రాసినవి. పోయి మూడేళ్ళయింది," అంది.

కంప్యూటరాయన పెట్టె సర్దుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున ఫైలు తెరవగానే టీచరమ్మ కుర్చీ ముందుకి లాక్కుంది. ఏడో అధ్యాయం పక్కన కొత్త వ్యాఖ్య. పైన ఆయన పేరు. ఆ రోజు తేదీ.

'గరిక గురించి ఇంకో రెండు ముక్కలు రాయవోయ్.'

రాయవోయ్! తనని అలా అనేది లోకంలో ఆయనొక్కడే.

భయమేసి ఫైలు మూసేసింది. అయినా మళ్ళీ తెరిచి రెండు ముక్కలు రాసింది. మర్నాటికి జవాబు. ఆ మర్నాడు మరొకటి. భయం మెల్లగా అలవాటయింది. ఫైలు తెరిచే ముందు తల దువ్వుకోవడం మొదలుపెట్టింది.

కంప్యూటర్ మాత్రం రోజూ మొరాయిస్తూనే ఉంది. ఒకరోజు ప్రింటరు, ఒకరోజు మౌసు. పదయ్యేసరికి కంప్యూటరాయన పెట్టెతో హాజరు.

"ఏమండీ!" పిలిచింది టీచరమ్మ.

అతను చటుక్కున తిరిగాడు. చేతిలో స్క్రూడ్రైవర్ జారిపడింది.

"మిమ్మల్నే, కంప్యూటరుగారూ. చనిపోయినవాళ్ళు ఇందులోకి రాగలరా?"

అతను వంగి స్క్రూడ్రైవర్ తీసుకున్నాడు. లేవడానికి కాస్త సేపు పట్టింది. "ఇది అందరికీ తలుపులు తెరిచిన సాఫ్ట్‌వేరండీ," అన్నాడు.

"నాతో వేళాకోళమా?"

"కాదండీ."

ఆ సాయంత్రం ఆమె మార్జిన్‌లో టైపు చేసింది: 'ఎక్కడున్నారు?'

తెల్లారేసరికి జవాబు: 'ఇంట్లోనే.'

టీచరమ్మ ఇల్లంతా గాలించింది. తలుపుల వెనక, మంచాల కింద, బీరువాలో. పెరటి గదికి లోపల గడియ.

"ఏం వెతుకుతున్నావమ్మా?" వంటింట్లోంచి కూతురు.

"మీ నాన్నని."

కూతురు అమ్మకి వేయాల్సిన మతిమరుపు మాత్ర తీసి పక్కన పెట్టింది. కుళాయి తిప్పి, కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగింది.

పదింటికి కంప్యూటరాయన వచ్చాడు. టీచరమ్మ గుమ్మంలోనే ఆపేసింది.

"ఏమీ అనుకోకండి. మీరు ఇక్కడ ఉన్నంతసేపూ ఆయన రావడం లేదు. పరాయివాళ్ళ ముందు మొహమాటం ఆయనకి. రేపట్నుంచి మీరు రావద్దు."

అతను కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. చాలాసేపు తుడిచాడు.

"అలాగేనండీ. పుస్తకం మాత్రం ఆపకండి," అని మెట్లు దిగాడు.

కూతురు గేటు దాకా వెంట వెళ్ళి, అతని చేతిలో పెట్టె అందుకుని, మెల్లగా అంది: "పోనీలే నాన్నా, రేపట్నుంచి కుళాయిలు బాగుచేసేవాడిలా వద్దువుగాని."