అద్దాల పెట్టెలో బొడ్రాయి

“బొడ్రాయి మీద చెయ్యేసిండ్రంటే చేతులు ఇరుగుతయ్, చెప్తున్న!”

ఊరి నడిబొడ్డున, ఊరు పుట్టిన గుర్తుగా పాతిన ఆ రాయికి పెంటయ్య కర్ర అడ్డం పెట్టాడు. గడ్డపారలతో వచ్చిన ఇద్దరు కూలీలు వెనక్కి తగ్గి ప్రభాకర్ వైపు చూశారు. పక్క ఫ్యాక్టరీ కంపెనీ డబ్బుతో ఊరికి సాంస్కృతిక కేంద్రం, మ్యూజియం కట్టిస్తున్న ఆఫీసరు అతను.

“జెర ఇను తాతా. మొన్ననే లారీ తగిలి అంచు పలిగింది. రేపు ఇంకో లారీ వస్తది. అప్పుడు ఏడ్సుకుంట కూసుంటవా?”

ఇస్నాపూర్ అవతల ఆ ఊరికి మూడు వైపులా ఫ్యాక్టరీ గోడలు, నాలుగో వైపు లారీల రోడ్డు. మధ్యలో మిగిలినవి నూట పది ఇళ్లు. డ్యూటీకి పోయే హిందీ కుర్రాళ్లు దాన్ని టాపూ అంటారు. అంటే దీవి.

“వడ్లు పోసే గుమ్ములు పెట్టినం, ఇసుర్రాళ్లు పెట్టినం,” అన్నాడు ప్రభాకర్. “నడిమిట్ల బొడ్రాయి లేకుంటే మ్యూజియానికి ఇగ పైసలియ్యమంటున్నరు పెద్దసార్లు. ఆడ పనిజేసే నీ మనవరాలు సృజన నౌకరీ గూడ పోతది.”

“ఊరి బొడ్డు కోసి అద్దాల పెట్టెల పెడ్తరా?” ఎదురింటి గడప మీంచి అంది బక్కమ్మ. “పెంటన్నను గూడ పెట్టుండ్రి, పాత సామానే కద!”

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. పెంటయ్య నవ్వలేదు.

“తాతా, ఆడ ఎండ తగలది, లారీ తగలది,” అంది మనవరాలు సృజన. “తాళంచెయ్యి నా తాననే ఉంటది. రోజూ నేనే పసుపు పెడ్త.”

పెంటయ్య వంగి, పగిలిన అంచును బొటనవేలితో తడిమాడు. కర్ర దించాడు. కూలీలను ముట్టనివ్వకుండా తానే ఐదు బిందెల నీళ్లు పోసి, చుట్టూ మట్టి తీశాడు.

“తప్పాయె తల్లీ. నిన్ను కాపాడుకుందామనే,” అన్నాడు.

కంపెనీ గోడ లోపలి కొత్త భవనంలో, అద్దాల పెట్టెలో ఎర్రగుడ్డ మీద బొడ్రాయిని నిలబెట్టారు. ప్రభాకర్ పెట్టె ముందు పెట్టడానికి తెల్లటి అట్టముక్క తెచ్చి సృజన చేతికిచ్చాడు.

“పట్నం పిల్లలకు బొడ్రాయంటే ఏం తెలుస్తది? తాత మాటనే రాయి. కింద ఏలిముద్ర గూడ ఏయించు. అసలుదని నమ్ముతరు.”

తన మాటను కాగితం మీద పెట్టమన్నవాళ్లు పెంటయ్యకు అంతవరకూ ఎవరూ లేరు. తలపాగా సర్దుకుని, గొంతు సవరించుకున్నాడు.

“రాయి బిడ్డా. బొడ్రాయి ఉన్నకాడనే ఊరుంటది. అది లేసిన జాగల ఊరు లేనట్టే.”

“మల్లోపారి చెప్పు తాతా, పిల్ల తప్పు రాస్తదేమో,” అన్నాడు ప్రభాకర్.

పెంటయ్య ఇంకా గట్టిగా చెప్పాడు. సృజన గుండ్రటి అక్షరాలతో ఒక్క తప్పూ లేకుండా రాసింది. కింద పెంటయ్య వేలిముద్ర వేశాడు. ప్రభాకర్ ఆ అట్టను ఫోన్‌తో నాలుగు ఫొటోలు తీసుకున్నాడు.

మూడో నెలలో సృజన పసుపు గిన్నెతో మ్యూజియానికి వెళ్లేసరికి గేటుకు కొత్త తాళం ఉంది. పక్కనే కంపెనీ వకీలు అతికించిన రెండు కాగితాల నోటీసు. అదే నోటీసు ఇంటింటి తలుపు మీదా ఉంది. ఒకటి చించుకుని ఇంటికి పరుగెత్తింది.

“ఏమున్నదే అండ్ల?” అన్నాడు పెంటయ్య.

“ఈ ఇండ్ల జాగ గూడ కంపెనీదేనట తాతా. ఈడ ఊరు లేదట. నెల దినాల్ల అందరం ఖాళీ చెయ్యాలెనట.”

పెంటయ్య కర్ర అందుకుని లేచాడు.

“ఊరు లేదని ఎవడన్నడు? వాని పేరు సదువు! ఈ దినం వాని సంగతి సూస్త!”

సృజన రెండో కాగితం తిప్పింది. దాని మీద మ్యూజియం అట్ట ఫొటో ఉంది, కింద తాత వేలిముద్రతో సహా. ఆ అక్షరాల మీద వేలు పెట్టి చూపింది.

“నువ్వే అన్నవు తాతా. నేనే రాసిన.”