లోపలి గుడ్డ

కాలనీవాళ్ళ ట్రయథ్లాన్ ఈ ఏడాదీ భీమిలి బీచ్‌లో ఘనంగా జరిగింది. బ్యాటరీతో వాటంతటవే కదిలే సూట్లు సముద్రంలో ఈదాయి, సైకిళ్ళు తొక్కాయి, ఇసుకలో పరుగెత్తాయి. వాటి లోపల పెద్దమనుషులు చల్లగా సినిమాలు చూసుకుంటూ గమ్యం చేరి, మెడల్స్ వేయించుకుని ఫొటోలు దిగారు.

సూట్లు ఉతికే అప్పలకొండకి ఆ గర్వం చూస్తే ఒళ్ళు మంట. పదేళ్ళుగా ఆమె కడిగేది పైనున్న ఉప్పూ ఇసుకా మాత్రమే. లోపలి గుడ్డ ఎప్పుడూ పొడిగానే ఉంటుంది.

అందరూ వెళ్ళాక కాలనీ ప్రెసిడెంటు భానోజీరావు తన సూటును సంచిలో దాచి తెచ్చాడు. విప్పగానే చెమట కంపు గుప్పుమంది.

"దార్లో బ్యాటరీ చచ్చింది. చివరి రెండు కిలోమీటర్లూ నేనే పరిగెత్తాను," అన్నాడు తల దించుకుని. "ఎవరికైనా తెలిస్తే నా పరువూ పోతుంది, పదవీ పోతుంది. నీకు దణ్ణం పెడతాను, వాసన లేకుండా ఉతుకు."

అప్పలకొండ గుడ్డను పిండింది. చెమట ధారగా కారింది. ఆమె మొదటిసారి ఆయన ముఖంలోకి చూసింది.

"పదేళ్ళ నుంచీ ఉతుకుతున్నాను బాబూ. ఈటి లోపల మనిసున్నాడని ఇయ్యాలే తెలిసింది."

"అది తెలీకూడదనే కదా ఉతకమంటున్నాను!" అన్నాడాయన.